గాలానికి, వలకు సీసపు గుండ్లు ఇంట్లో పోసుకుంటే ఎంత మిగులుతుంది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. ఆదివారాలు ఉండవల్లి వైపు కాలువ గట్ల మీద గాలం వేస్తారు. ఈ మధ్య ఒక విసురు వల కూడా కొన్నారు. నెలకు అరడజను గుండ్లు రాళ్ళలో చిక్కుకొని తెగిపోతున్నాయి. అమెరికాలో తుపాకీ సరదా ఉన్నవాళ్ళు ఇంటి వెనక షెడ్డులో సీసం కరిగించి తూటాలు పోసుకునే వీడియోలు చూశారు. అదే పద్ధతిలో తమ అపార్టుమెంటు బాల్కనీలో గాలం గుండ్లు, వల గుండ్లు పోసుకోవచ్చా, ఎంత మిగులుతుంది, ప్రమాదం ఎంత అన్నది ప్రశ్న. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉందని చివర్లో ఒక్క మాట రాశారు. నా జవాబు ఆ చివరి మాట దగ్గరే మొదలవుతుంది.

గుండ్లు పోసుకోవచ్చు. మీ బాల్కనీలో మాత్రం వద్దు. డబ్బు మిగులుతుంది గానీ మీరు ఊహించినంత కాదు. మొదటి మూడేళ్ళు దాదాపు పైసా మిగలదు. డబ్బు కోసమే అయితే ఈ పనిలో దిగకండి. మీరు వేసే నీటికి, మీ చేతివాటానికి సరిపడే బరువును సరిగ్గా అదే ఆకారంలో సొంతంగా చేసుకోవాలనే కోరిక ఉంటే దిగండి. బజారులో దొరకనిది అదొక్కటే.

ఇక నా సంగతి. విజయవాడ గవర్నరుపేటలో ఒక ముద్రణాలయంలో ఇరవై మూడేళ్ళు కంపోజిటరుగా, అంటే సీసపు అక్షరాలు పేర్చే పనిలో ఉన్నాను. ఆఫ్‌సెట్ వచ్చి అక్షరాల పని పోయాక బైండింగులో చేరాను. సీసం నాకు చిన్నప్పటి నుంచి చేతిలో నలిగిన లోహం. 2004 నుంచి గుండ్లు పోస్తున్నాను, మొదట నాకోసం, తరవాత సీతానగరం వైపు వల వేసే ఇద్దరు ముగ్గురి కోసం. బతుకంతా అచ్చుతోనే గడిచింది: అప్పుడు అక్షరాల అచ్చు, ఇప్పుడు గుండ్ల అచ్చు.

ముందు ఆ తూటాల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చూసిన వీడియో మీకు దారి తప్పించే ప్రమాదం ఉంది. అక్కడ వారం వారం వందల తూటాలు కాల్చేవాళ్ళు ఉంటారు. అంత వాడకానికి దుకాణంలో కొంటే చేతి చమురు వదులుతుంది. టైర్ల దుకాణాల్లో పడేసే చక్రం బరువులు (చక్రం ఊగకుండా అంచున బిగించే చిన్న సీసపు ముక్కలు) ఏరుకొచ్చి కరిగించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. దానికి తోడు తన తుపాకీకి సరిపడే కొలత తనే పోసుకున్నానన్న తృప్తి. ఆ లెక్క వాళ్ళది, ఆ చట్టమూ వాళ్ళదే. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలే కాదు, మందుగుండు తయారుచేయడం కూడా నేరం. 2019 సవరణ తరవాత దానికి కనీస శిక్ష ఏడేళ్ళు. తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటా పోసుకునే హక్కు రాదు. కాబట్టి సరదాకైనా, అలంకారానికైనా ఆ ఆకారంలో అచ్చు చేయించకండి. మన భాషలో తుపాకీలో పెట్టేదీ గుండే, గాలానికి కట్టేదీ గుండే. పోలీసు ఎదుట ఆ శ్లేష మీకు అక్కరకు రాదు.

ఇక డబ్బు. నా లెక్క చూపిస్తాను, మీ ఊరి ధరలు వేసి సరిచూసుకోండి.

కిందటిసారి నేను పాత సీసం కిలో 180 రూపాయలకు కొన్నాను. వలలు అమ్మే దుకాణంలో వల గుండ్లు కిలో 320. గాలానికి కట్టే 50 గ్రాముల గుండు ఒక్కొక్కటి 35 రూపాయలు, అంటే కిలోకు 700. ఇక్కడే అసలు తేడా ఉంది. వల గుండ్లను కిలోల్లో అమ్ముతారు కాబట్టి దుకాణదారుకు మిగిలేది తక్కువ. గాలం గుండ్లను విడిగా అమ్ముతారు కాబట్టి మీ జేబు అక్కడే కరుగుతుంది.

మీ వల వ్యాసార్ధం 8 అడుగులు అనుకుందాం. అలాంటి వలకు నాలుగున్నర కిలోల సీసం కావాలి. అంచు చుట్టుకొలత 50 అడుగులు. 15 గ్రాముల గుండ్లు మూడు వందలు, దాదాపు 5 సెంటీమీటర్లకు ఒకటి. దుకాణంలో 1,440 రూపాయలు. ఇంట్లో పోస్తే తెట్టుగా (కరిగినప్పుడు పైన పేరుకునే మలినంగా) కొంత పోతుంది కాబట్టి నాలుగున్నర మీద పావుకిలో, అంటే నాలుగు కిలోల ముప్పావు సీసం కొనాలి. అది 855, గ్యాసుకు ఇంకో 50. మిగిలింది 535. ఒక వలకు గుండ్లు కట్టాక మళ్ళీ ఎప్పుడు కడతారు? నా వలకు కట్టినవి తొమ్మిదేళ్ళుగా అలాగే ఉన్నాయి. అంటే వల గుండ్ల మీద మిగులు అన్నది పేరుకే.

గాలం గుండు సంగతి వేరు. 9 రూపాయల సీసం, ఒక రూపాయి తీగ, మొత్తం 10. గుండుకు 25 మిగులుతుంది. నెలకు ఆరు పోగొట్టుకునేవారికి 150. సరంజామాకు నాకైన ఖర్చు ఇప్పటి ధరల్లో ఇలా ఉంటుంది: ఇనుప మూకుడు, గరిటె 500, అల్యూమినియం అచ్చు 1,800, తోలు చేతొడుగులు, ముఖానికి అడ్డు, ధూళిని ఆపే మాస్కు కలిపి 2,200, వేడి కొలిచే సాధనం 700. మొత్తం 5,200. నెలకు 150 చొప్పున అది తిరిగి రావడానికి దాదాపు మూడేళ్ళు. మూడేళ్ళ తరవాత కూడా ఈ సరదా ఉంటుందా అన్నది మీకే తెలియాలి. మాస్కు, ముఖం అడ్డు మానేస్తే ఏడాదిన్నరలో వస్తుందని ఒకాయన నాతో వాదించారు. ఆయనతో నేను వాదించలేదు.

మరి ఇరవై ఏళ్ళుగా ఎందుకు పోస్తున్నానంటే, నీటి కోసం.

ప్రకాశం బ్యారేజి ఎగువన నీరు చెరువులా నిలిచి ఉంటుంది. అక్కడ 15, 20 గ్రాములు చాలు. బరువు పెరిగితే ఎర పట్టిన చేపకు అనుమానం వస్తుంది. కాలువలకు నీరు వదిలిన రోజుల్లో అదే 20 గ్రాముల గుండు కొట్టుకుపోయి గట్టు వారన గడ్డిలో చేరుతుంది. అప్పుడు 60, 70 కావాలి. అది కూడా గుండ్రంగా ఉంటే దొర్లిపోతుంది. ఇసుక అడుగుకు నాలుగు పలకల గోపురం ఆకారం తిరగేసినట్టు ఉంటే కొన దిగబడి నిలుస్తుంది. రాళ్ళ అడుగుకు పలకలు పనికిరావు, పొడుగ్గా చింతగింజలాగా నున్నగా ఉంటే సందుల్లోంచి జారి బయటపడుతుంది. బురదకు బిళ్ళలాగా పల్చగా ఉండాలి, లేకపోతే కూరుకుపోతుంది. దుకాణంలో దొరికేవి రెండు మూడు ఆకారాలు, నాలుగైదు బరువులు. మా దగ్గర 38 గ్రాములు సరిగ్గా పనిచేసే ఒక మలుపు ఉంది. 30 వేస్తే కదులుతుంది, 50 వేస్తే గాలపు కర్ర కొన ఒంగి కొరుకు తెలియదు. ఆ 38 గ్రాముల బిళ్ళను ఏ దుకాణమూ అమ్మదు.

సీసమే ఎందుకంటే బరువుకు తగ్గ చిన్నతనం. ఘన సెంటీమీటరు సీసం 11.34 గ్రాములు, ఇనుము 7.87. రెండు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గోళీ సీసంతో చేస్తే 47 గ్రాములు దాటుతుంది, ఇనుముతో 33. చిన్న వస్తువును ప్రవాహం తక్కువగా నెడుతుంది. పైగా 327 డిగ్రీలకే కరుగుతుంది, వంటగ్యాసు మంట చాలు. మెత్తన కాబట్టి వల అంచు తాడు మీద పటకారుతో నొక్కితే పట్టుకుంటుంది. ఇన్ని సుగుణాలున్న లోహం విషం కావడం మన ఖర్మ.

సీసం ఎక్కడిదన్నది మొదటి ప్రశ్న, చవకగా ఎక్కడ దొరుకుతుందన్నది చివరి ప్రశ్న. వల గుండ్లకు మెత్తని సీసం కావాలి. పాత టెలిఫోను కేబుళ్ళ మీది సీసపు తొడుగు మహారాజులాంటి సరుకు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే గది పగలగొట్టి కట్టేటప్పుడు గోడలోంచి తీసే సీసపు రేకు కూడా అంతే. గోటితో గీస్తే గీత పడాలి, వంచితే చప్పుడు లేకుండా వంగాలి. ఆ రెండూ ఉంటే కళ్ళు మూసుకొని కొనండి.

ఆటోనగర్‌లో చక్రం బరువులు దొరుకుతాయి. వాటిలో సీసంతో పాటు దాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ కొద్దిగా ఉంటుంది, గాలం గుండ్లకు బాగుంటుంది, వలకు కాస్త గట్టి. చిక్కేమిటంటే ఈ రోజుల్లో ఆ కుప్పలో ఇనుపవీ, తుత్తునాగానివీ (జింకువీ) కలిసి ఉంటాయి. ఇనుపవి మూకుట్లో పైకి తేలతాయి, తీసి పారేయవచ్చు. తుత్తునాగం మాత్రం దొంగ. అది 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట పెంచి అంతదాకా వెళ్ళారా, మొత్తం మూకుడు రాగి సంకటిలా ముద్దకట్టి, అచ్చులోకి దిగనని మొరాయిస్తుంది. 380 దాటనివ్వకుండా కరిగించి, కరగకుండా తేలేవన్నీ గరిటెతో తీసేయండి. నేను ఒకసారి ఆరు కిలోలు అలా పాడుచేసుకొని, దాన్ని తలుపుకు అడ్డంగా పెట్టుకునే దిమ్మగా వాడుతున్నాను.

బ్యాటరీ సీసం ముట్టుకోకండి. చవకగా ఇస్తామంటారు. లోపల గంధకామ్లం, సీసపు లవణాల పొడి ఉంటాయి. పలకల్లో ఆంటిమొనీ, ఆర్సెనిక్ కలిసి ఉండవచ్చు. వాటి తెట్టుకు తేమ తగిలితే ప్రాణాంతకమైన వాయువులు వస్తాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాలు కూడా పాత బ్యాటరీలు అనుమతి ఉన్న కర్మాగారాలకే చేరాలంటాయి. పాత బ్యాటరీని దుకాణంలో ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గింపు తీసుకోండి, లాభం అదే.

ఇక నాకు ప్రియమైన సరుకు. గవర్నరుపేట, గాంధీనగర్ పరిసరాల్లో లెటర్‌ప్రెస్సులు మూతపడినప్పుడు కేసుల కొద్దీ అక్షరాలను తూకానికి అమ్మేశారు. మా ప్రెస్సు వాటా కూడా అలాగే పోతుంటే నేను ముప్పై కిలోలు కొనుక్కున్నాను. అక్షరాల లోహం సీసం, ఆంటిమొనీ, తగరం కలిపిన మిశ్రమం. మామూలు సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది, అచ్చు మూలల్లో నిండదు. ఆంటిమొనీ ఆ కుంచింపును బాగా తగ్గిస్తుంది. తెలుగు అక్షరం మీద తలకట్టు, కొమ్ము, సుడి అంత పదునుగా పడ్డాయంటే దాని చలవే. గాలం గుండుకు ఈ లోహం పోస్తే అద్దంలా వస్తుంది. కాని పెళుసు. వల అంచున పెట్టి పటకారుతో నొక్కితే ఒదగదు, చిట్లుతుంది. నేను నాలుగు వంతుల మెత్తని సీసానికి ఒక వంతు అక్షరాలు కలుపుతాను.

మొదటిసారి కలిపినప్పుడు చూసిన దృశ్యం చెప్పాలి. కరిగిన సీసం కంటే అక్షరాల లోహం తేలిక. గరిటెడు అక్షరాలు వేస్తే మునగవు, వెండి చెరువు మీద పడవల్లా తేలతాయి. ఒక ‘ళ’ నా వైపు తిరిగి ఉంది, అచ్చులో ఉండే తీరున ఎడమది కుడిగా. ముందు కాళ్ళు మెత్తబడ్డాయి, అక్షరం ఒక పక్కకు ఒరిగింది, సుడి మాత్రం రెండు క్షణాలు నిలిచి తరవాత కలిసిపోయింది. ఎన్ని శుభలేఖల్లో, ఎన్ని కరపత్రాల్లో ఆ ‘ళ’ను నేను వేళ్ళతో పట్టి పేర్చానో. ఆ పూట పని ఆపేసి టీ తాగడానికి వెళ్ళిపోయాను. చేతులు కడుక్కునే వెళ్ళాను లెండి.

పోత పని చెబుతాను, వివరాలు మీరు ఎవరి పక్కనైనా నిలబడి చూస్తేనే వస్తాయి. అచ్చు అంటే రెండు అల్యూమినియం దిమ్మలు, ఎదురెదురు ముఖాల్లో సగం సగం ఆకారం తొలిచి ఉంటుంది. ఆటోనగర్‌లో లేతు పనివారికి మైనంతోనో సబ్బుతోనో నమూనా చెక్కి ఇస్తే చేస్తారు. పైన పోసే రంధ్రం గరాటులా ఉండాలి, కింది నుంచి గాలి పోవడానికి సన్నని గీతలు ఉండాలి. చాలామంది ఈ గీతలు మరిచిపోయి, గుండు సగమే వస్తోందని సీసాన్ని తిడతారు. కొక్కేనికి ఇత్తడి తీగ వంచి అచ్చులో ముందే పెట్టాలి. కిరసనాయిలు బుడ్డి మసి లోపల పల్చగా పట్టిస్తే గుండు అంటుకోకుండా ఊడి వస్తుంది.

సీసం కరిగాక ఒక చిన్న మైనపు ముక్క వేసి కలిపితే మలినాలు పైకి వస్తాయి, మైనం భగ్గుమంటుంది కాబట్టి ముఖం దూరంగా ఉంచండి. పైన పేరుకున్న బూడిదరంగు తెట్టును గరిటెతో నెమ్మదిగా తీసి మూత ఉన్న డబ్బాలో వేయాలి. పద్యంలో సీసానికి తోకగా తేటగీతో ఆటవెలదో తప్పనట్టు, ఈ సీసానికి తోకగా తెట్టు తప్పదు. ఆ తోకే అన్నిటికంటే విషం. మురుగు కాలువలో పోయకండి, చెత్తబండిలో వేయకండి, డబ్బా నిండాక పాత సీసం కొనేవారికి ఇచ్చేయండి.

మొదటి అయిదారు గుండ్లు ముడతలు పడి వస్తాయి. అచ్చు ఇంకా చల్లగా ఉందని అర్థం. వాటిని తిరిగి మూకుట్లో వేయాలి, వేసేటప్పుడు జారవిడవాలి, విసరకూడదు. తరవాత మెరుస్తూ వస్తాయి. ఇంకా తరవాత గుండు మీద మంచు పట్టినట్టు తెల్లగా మసకబారితే అచ్చు మరీ వేడెక్కిందన్న మాట, రెండు నిమిషాలు ఆగాలి. ఈ లయ చేతికి వచ్చాక గంటకు వంద గుండ్లు పోయవచ్చు. అచ్చు తెరిచినప్పుడు గుండు టప్పుమని గుడ్డ మీద పడే ఆ చప్పుడు కోసమే పోసే రోజులున్నాయి నాకు.

నీళ్ళు. ఒక్క చుక్క కూడా. కరిగిన సీసంలో మునిగిన నీటి చుక్క ఆ క్షణంలోనే ఆవిరై దాదాపు పదిహేడు వందల రెట్లు ఉబ్బుతుంది. దారిలో ఉన్న సీసాన్నంతా పైకి చిమ్ముతుంది. నేను ఏడో ఏడు దాకా జాగ్రత్తగానే ఉన్నాను. అది ఆగస్టు, నాలుగు రోజుల ముసురు తరవాత ఎండ కాసింది కదా అని పొయ్యి వెలిగించాను. గరిటె గోడకు వేలాడదీసి ఉంది. పైకి ఆరినట్టే కనిపించింది, పిడి గొట్టం లోపల తేమ ఉంది. ముంచాను. పకోడీల మూకుట్లో నీళ్ళు పడ్డ చప్పుడే, కాకపోతే పదింతలు. పొడుగు చేతుల చొక్కా ఉంది కాబట్టి మోచేతి దగ్గర రెండు మచ్చలతో పోయింది. ముఖానికి అడ్డు మీద చిన్న చిన్న వెండి చుక్కలు అతుక్కున్నాయి, సరిగ్గా కుడి కన్ను ఎదురుగా మూడు. ఆ అడ్డును ఇంకా దాచాను. మాస్కు డబ్బు మిగుల్చుకోమని వాదించినాయన మా ఇంటికి వస్తే ముందు అదే చూపిస్తాను.

అప్పటి నుంచి వానాకాలంలో పొయ్యి వెలిగించను. గరిటె, పటకారు, అచ్చు అన్నీ ముందుగా మంట పక్కన వేడెక్కిస్తాను. కొత్తగా వేసే సీసపు ముక్కలను కూడా మూకుడు అంచున కాచి వేస్తాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో మందపాటి చొక్కా, తోలు చేతొడుగులు వేసుకొని సీసం ముందు కూర్చోవడం శిక్షే, అందుకే నా పోతలన్నీ సంక్రాంతికి, శివరాత్రికి మధ్య అయిపోతాయి. చెమట చుక్క కూడా నీటి చుక్కే అని గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ పాప సంగతి.

చాలామంది పొగను చూసి భయపడతారు. 400 డిగ్రీల లోపు సీసం నుంచి వచ్చే ఆవిరి చాలా తక్కువ. మంట విపరీతంగా పెంచినప్పుడే అది ప్రమాదం. అసలు శత్రువు కంటికి కనిపించని పొడి. తెట్టు తీసేటప్పుడు లేస్తుంది, చేతులకు, చొక్కాకు, చెప్పులకు అంటుతుంది, నేల మీద పడుతుంది. మీరు చీపురుతో ఊడిస్తే గాలిలో కలుస్తుంది. చిన్నపిల్లలు నేల మీద ఆడతారు, వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు. కడుపులోకి పోయిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది పదో వంతు అయితే పిల్లల ఒంటికి దాదాపు సగం పడుతుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, తరవాత బాగుచేయడానికి వీలుండదు. ఇంత వరకు పరవాలేదు అనగల స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. బాల్కనీలో పోస్తే ఆ పొడి జాలీ తలుపు దాటి, ఆరవేసిన బట్టల మీదుగా, మీ చెప్పులతో హాల్లోకి వస్తుంది. అందుకే వద్దన్నాను. గర్భిణులు ఉన్న ఇంట్లోనూ అంతే.

నా ఒళ్ళే దానికి సాక్ష్యం. ప్రెస్సులో అక్షరాలు పట్టిన చేత్తోనే మిరపకాయ బజ్జీలు తిన్న తరం మాది. పాలు తాగితే, బెల్లం తింటే సీసం దిగిపోతుందని చెప్పుకునేవాళ్ళం. కాల్షియం, ఇనుము తగినంత ఉన్న ఒళ్ళు సీసాన్ని కొంత తక్కువగా పీల్చుకుంటుంది, అంతవరకే నిజం. పట్టిన సీసాన్ని పాలు కడగవు. 2012లో ఒక వైద్యుడి మాట మీద రక్త పరీక్ష చేయిస్తే డెసిలీటరుకు 14 మైక్రోగ్రాములు వచ్చింది. అమెరికాలో పిల్లల విషయంలో ఇప్పుడు 3.5 దాటితేనే ఆరా తీస్తారు. అప్పటిదాకా నేను మెట్ల కింద చిన్న గదిలో పోసేవాడిని, మధ్యలో కిళ్ళీ నమిలేవాడిని. చిన్న గుండ్లను దారం మీద పంటితో నొక్కే పాడలవాటు కూడా ఉండేది, గట్టు మీద సగంమందికి ఇప్పటికీ ఉంది. మీకు ఉంటే ఈ రోజే మానండి, ఒక పటకారు కొనుక్కోండి.

గది మానేసి పెరట్లో రేకు కిందికి మారాను. పోతకు వేరే బట్టలు, వేరే చెప్పులు. అవి ఇంట్లోకి రావు, విడిగా ఉతుకుతాం. ఊడ్చడం లేదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను తెట్టు డబ్బాలోనే వేస్తాను, అదీ పొయ్యి పూర్తిగా చల్లారాక. మధ్యలో తిండి, టీ, కిళ్ళీ లేవు. ఏడాది తరవాత 6 వచ్చింది. రక్తంలోది నెలల్లో తగ్గుతుంది, ఎముకల్లో చేరింది మాత్రం దశాబ్దాలు ఉంటుంది, కాబట్టి నా ప్రెస్సు రోజుల బాకీ ఇంకా తీరుతూనే ఉంది. పోత మొదలుపెట్టే ముందు ఒకసారి, తరవాత ఏడాదికి ఒకసారి ఆ పరీక్ష చేయించుకోవడం నా సలహా. పైన చెప్పిన 5,200 లెక్కలో ఆ ఖర్చు వేయలేదు, గమనించారా?

ఇంకొక మాట, మీరు అడగలేదు. నెలకు ఆరు గుండ్లు రాళ్ళలో పోతున్నాయంటే ఆ సీసమంతా నీటి అడుగున ఉంటోంది. బ్రిటన్‌లో హంసలు వాటిని గులకరాళ్ళనుకొని మింగి చచ్చిపోతున్నాయని 1987లోనే 28.35 గ్రాముల లోపు సీసపు గాలం గుండ్లలో చాలావాటి అమ్మకం ఆపేశారు. మన కాలువ నీరు పొలాలకే కాదు, ఊళ్ళ కుళాయిలకూ వెళ్తుంది. అందుకని రాళ్ళున్న చోట నేను సీసం వేయను. ఆటోనగర్‌లో తూకానికి దొరికే పాత ఇనుప నట్లు కడతాను, అదీ అసలు దారం కంటే పల్చని దారంతో. చిక్కుకుంటే నట్టు ఒక్కటే తెగిపోతుంది, గాలం, చేప దక్కుతాయి. మీ సమస్య సగం ఇక్కడే తీరవచ్చు. పోయే చోట నట్టు, పోని చోట సీసం అని పెట్టుకుంటే మీకు ఏడాదికి పది పదిహేను గుండ్లు చాలు. పది పదిహేను గుండ్లకు పొయ్యి వెలిగించడమెందుకు?

కాబట్టి మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. వలకు దుకాణం గుండ్లే కట్టండి, అక్కడ మిగిలేది లేదు. రాళ్ళలో నట్లు వేయండి. ఇసుక అడుగున, కాలువ ప్రవాహంలో మీకు ఏ బరువు, ఏ ఆకారం కావాలో ఈ సీజనంతా చీటీ మీద రాసుకోండి. నాలుగు గ్రాముల తేడా కూడా రాయండి. అప్పటికీ దుకాణంలో దొరకనిది ఒకటో రెండో తేలితే, ఆ ఆకారాన్ని బట్టల సబ్బు మీద చెక్కుకొని తెండి. సంక్రాంతి వెళ్ళాక పొయ్యి వెలిగిస్తాను, మా పెరడు తాడేపల్లిలో, బ్యారేజి నుంచి పది నిమిషాలు. అచ్చు ఖర్చు మీది, సీసం నాది. పాత చొక్కా ఒకటి, మార్చుకోవడానికి ఇంకొకటి వెంట తెచ్చుకోండి. పాపను మాత్రం తీసుకురాకండి.